ట్యాంకు అడుగున మడ్డి

లాజరు దొంగ అని కృపానందం తన నోటితో అనలేదు. అది నిజమే. అయితే ఆ మాటను ఊరి నోట్లో పెట్టిన మనిషి మాత్రం అతనే. ఒక్క వాక్యం అన్నాడు, మిగతాది ఊరు చూసుకుంది. చదువుకున్నవాడి మాటకు ఆ సౌకర్యం ఉంది. సగం చెబితే చాలు, తక్కిన సగం వినేవాళ్ళే గౌరవంగా పూర్తి చేసి పెడతారు.

కృపానందం బెజవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. కూచిపూడి దాటాక కాలవగట్టు పట్టుకుని నడిస్తే వచ్చే పాలెం వాళ్ళది. ఆ పాలెంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, లెక్చరరైన ఒకే ఒక్కడు. తండ్రి అబ్రహాము చర్చిలో సంఘపెద్ద, పాలెం కూలీలంతా కలిసి పెట్టుకున్న వ్యవసాయ సంఘానికి ప్రెసిడెంటు. కొడుకు పేరు తలవకుండా ఆయన ప్రార్థన ముగిసేది కాదు. దేవుడికి కూడా ఆ సంగతి మళ్ళీ మళ్ళీ గుర్తు చేయాలని ఆయన ఉద్దేశం.

ఆ రోజుల్లో కృపానందం డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నాడు. ముడిచమురులో అన్నిటికన్నా నల్లగా, అన్నిటికన్నా బరువుగా ఉండే పదార్థం ఒకటుంది. దాన్ని ఆస్ఫాల్టీన్లంటారు. రోడ్డు తారుకి ఆ నలుపు వచ్చేది వాటివల్లే. వాటి అణువు బరువెంతో ఎవరికీ తేలలేదు. బెంజీనులో చిక్కగా కరిగించి లెక్కగడితే ఒక బరువు వచ్చేది, పల్చగా కరిగిస్తే ఇంకో బరువు. వేలల్లో ఉంటుందని కొందరు, లక్షల్లో ఉంటుందని కొందరు పత్రికల్లో కొట్టుకుంటున్నారు. కృపానందం వాదన ఏమిటంటే, అసలు అణువు చిన్నదే, చదునుగా రేకులా ఉంటుంది. విస్తళ్ళు కట్ట కట్టినట్టు ఆ రేకులు ఒకదాని మీద ఒకటి చేరతాయి. మనం తూచేది విస్తరిని కాదు, కట్టని. చమురులోనే ఉండే జిగురు పదార్థాలు రేకుల చుట్టూ చేరి ఆ కట్టలు మరీ పెరగకుండా ఆపుతాయి. ఈ సంగతంతా అతను పెళ్ళిళ్ళలో చెప్పేవాడు, బస్సుల్లో చెప్పేవాడు, క్షవరం చేయించుకుంటూ కూడా చెప్పేవాడు. వినేవాళ్ళకు అర్థం కాకపోతే అతనికి కొంచెం హాయిగానే ఉండేది.

పాలెం సంఘానికి ప్రభుత్వం ఇచ్చిన భూమి మెరక. పక్కన కాలవ పారుతున్నా దానిలోకి నీరెక్కదు. అందుకని మురుగుకాలవ గట్టున రేకుల షెడ్డు వేసి, ఒక పాత ఆయిలింజను పెట్టి నీళ్ళు తోడుకునేవారు. ఆ ఇంజను వచ్చిన రోజు నుంచీ దాని డ్రైవరు లాజరు. పొద్దున్నే ఫిల్టరు విప్పి కడిగి, గుడ్డతో ఇంజను ఒళ్ళంతా తుడిచి, చిన్న ప్రార్థన చేసుకుని గాని హ్యాండిల్ తిప్పేవాడు కాదు. వరసకి కృపానందానికి బాబాయి అవుతాడు. చిన్నప్పుడు కృపానందాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని మురుగుకాలవ దాటించి బడికి పంపిన మనిషి. అప్పట్లో "ఒరే ఆనందం" అని పిలిచేవాడు. ఉద్యోగం వచ్చాక "లెక్చరరుగారూ" అనడం మొదలుపెట్టాడు. అందులో ఎగతాళి కొంత, గర్వం కొంత ఉండేది.

డెబ్భై నాలుగులో డీజిలు కరువొచ్చింది. ఎక్కడో అరబ్బుల దేశంలో యుద్ధం జరిగితే ఇక్కడ రెండో పంట దాళ్వా వరి ఎండే పరిస్థితి వచ్చింది. హనుమాన్ జంక్షన్ బంకు దగ్గర డబ్బాలు పట్టుకుని పొద్దుటి నుంచి నిలబడ్డా చుక్క దొరికేది కాదు. చేలు వెన్ను తీసే ముందు పొట్ట మీద ఉన్నాయి. పొట్ట మీదున్న చేను నీళ్ళకి ఆగదు. అబ్రహాము బస్సెక్కి బెజవాడ వచ్చి కొడుకు ముందు కూర్చున్నాడు. ఆటోనగర్లో నల్లనూనె పీపాలు దొరుకుతున్నాయట, ముడిచమురులోంచి పెట్రోలు, డీజిలు తీశాక అడుగున మిగిలేది, కొలిమిల్లో మండించే రకం. పాత ఇంజనే కాబట్టి దాంతో ఆడుతుందిగానీ చిక్కదనానికి గొట్టంలో దిగడం లేదు, ఏదన్నా ఉపాయం చెప్పమన్నాడు.

కృపానందం ఆలోచించనైనా లేదు. "దానికేముంది నాన్నా, తేలిక నూనె కలిపితే పల్చబడుతుంది," అన్నాడు. అతని పాత విద్యార్థి తిరుపతిరావు తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలో కెమిస్టు. తవుడులోంచి నూనె లాగడానికి వాళ్ళు హెక్సేను వాడతారు. నీళ్ళలా తెల్లగా, పెట్రోలు వాసనతో ఉంటుంది. కృపానందం అడిగాడని తిరుపతిరావు ఒక పీపా ఇప్పించాడు. మూడు పాళ్ళ నల్లనూనెకు రెండు పాళ్ళు తేలిక నూనె. పాళ్ళు చెప్పింది కృపానందమే. శనివారం ఊరికొచ్చి షెడ్డు దగ్గర నిలబడి కలిపించింది కూడా అతనే.

కలిపే ముందు లాజరు కాస్త వెనకాడాడు. "ముందు చిన్న గిన్నెలో కలిపి రేపటిదాకా చూద్దామా లెక్చరరుగారూ? కొత్త సరుకు గదా," అన్నాడు.

కృపానందం నవ్వాడు. "బాబాయ్, నేను రోజూ చేసే పనే ఇది."

ఇంజను ఆడింది. నల్లపొగ కక్కుతూ, మామూలుకన్నా కాస్త ఎక్కువ దడదడలాడుతూ పొద్దుగూకే దాకా ఆడింది. మెరక చేలల్లోకి నీళ్ళు ఎక్కుతుంటే ఆడవాళ్ళు గట్ల మీద నిలబడి చూశారు. ఆ సాయంత్రమే చర్చిలో స్తోత్రప్రార్థన పెట్టి, అబ్రహాము జరీ అంచు తెల్ల కండువా ఒకటి తెప్పించి కొడుకు మెడలో తన చేత్తో వేశాడు. లాజరు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే లోపల నల్లటి ముద్ద. నూనె చిమ్మే నాజిలు పూడుకుపోయింది. ట్యాంకు అడుగున వేలు పెడితే వేలికి తారులాంటి మడ్డి అంటింది. ఆటోనగరు నుంచి మెకానిక్కు వచ్చేసరికి, వచ్చినవాడికి కావలసిన సామాను దొరక్కపోయేసరికి చేను పొట్టలోనే ఎండింది. పాలెంలో ప్రతి ఇంటికీ ఆ భూమిలో వాటా ఉంది. ప్రతి ఇంటికీ గింజలేని తాలు మిగిలింది.

అంత నష్టం వచ్చినప్పుడు దానికొక మనిషి కావాలి. సంఘం సెక్రటరీ రత్తయ్యకు మనిషి వెంటనే దొరికాడు. ఆ తేలిక నూనెను పెట్రోలు బదులు స్కూటర్లకు పోస్తారట, జంక్షన్‌లో మంచి ధర పలుకుతోందట. షెడ్డు తాళంచెవి ఉండేది లాజరు ఒక్కడి దగ్గరే. లాజరు రాత్రికి రాత్రి మర్నాటి వంతు తేలిక నూనె అమ్ముకుని, లోటు కనబడకుండా కిరసనాయిలు పోశాడని రత్తయ్య లెక్క. ఆ తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోనే సంఘం కూర్చుంది, కృపానందం కూడా వచ్చాడు. లాజరు మధ్యలో నిలబడ్డాడు. కిరసనాయిలు కలపలేదండీ, ఏం అమ్మలేదండీ అని మళ్ళీ మళ్ళీ అన్నాడు.

అప్పుడు అబ్రహాము కొడుకు వైపు తిరిగి అందరూ వినేలా అడిగాడు. "అబ్బాయ్, నువ్వు చెప్పిన పాళ్ళలో కలిపితే ఇట్టా మడ్డి కట్టుద్దా?"

"నేను చెప్పింది చెప్పినట్టు కలిపితే కట్టదు నాన్నా. మొదటి రోజు ఆడింది గదా."

ఆ ఒక్క వాక్యం ఇదే. అది అంటున్నప్పుడు కృపానందానికి అబద్ధమాడుతున్నానన్న అనుమానం లేదు. తన పాళ్ళు తప్పు కావడమనేది అతని ఊహలోకే రాలేదు. లాజరు అతని వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. అబ్రహాము తాళంచెవి తీసుకుని తీర్పు చెప్పాడు: పదిమంది కూడు పాడుచేసి, దేవుడి మందిరంలో అబద్ధమాడినవాడికి ప్రభువు బల్లలో పాలు లేదు, తప్పు ఒప్పుకున్న రోజున మళ్ళీ రావచ్చు. ఆ రోజు నుంచి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో లాజరు చర్చి వెనక, చెప్పులు విడిచే చోట గుమ్మం పక్కన చాప మీద కూర్చునేవాడు. పళ్ళెం అతని దాకా వచ్చేది కాదు.

తర్వాత కొన్నాళ్ళకు కాలేజీ ల్యాబులో కృపానందం విద్యార్థులకు ముడిచమురు నుంచి ఆస్ఫాల్టీన్లు విడదీయడం చూపిస్తున్నాడు. పని చాలా తేలిక. చమురులో పెట్రోలియం ఈథరు లాంటి తేలిక నూనె ఎక్కువగా పోస్తే చాలు, నల్ల పదార్థమంతా విడిపోయి అడుగున పడుతుంది. ఆ రోజు ఈథరు అయిపోయింది. అటెండరు వచ్చి హెక్సేను సీసా ఉందండీ అన్నాడు. తెచ్చెయ్, ఏదైనా ఒకటే అన్నాడు కృపానందం, సీసా మూత తీస్తూ. ముక్కుకి తెలిసిన వాసనే తగిలింది. అప్పటికీ బుర్రకి తగల్లేదు.

రామతులసి అనే విద్యార్థిని బీకరులోకి వంగి చూసి, ఏమీ కనబడడం లేదు సార్ అంది.

"తొందరపడకమ్మా. వెంటనే పడదు. రేకులు ఒకదాన్నొకటి వెతుక్కుని, కట్టలు కట్టి, ఆ కట్టలు ముద్దలై దిగడానికి టైము పడుతుంది. ఇప్పుడు చూస్తే పల్చగా, శుభ్రంగానే ఉంటుంది. రేపు పొద్దున చూడు, అడుగున..."

అక్కడ ఆగిపోయాడు. రేపు పొద్దున. మొదటి రోజు ఆడింది గదా. పిల్లలు పుస్తకాల్లో పెన్ను పెట్టి ఎదురుచూస్తున్నారు. కృపానందం చేతిలో సీసా బల్ల మీద పెట్టేశాడు. మిగతాది రేపు చెబుతానని బయటికొచ్చి, కుళాయి దగ్గర నిలబడి, తాగడానికి తిప్పిన నీళ్ళు తాగకుండా చూస్తూ ఉండిపోయాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితితొట్లో పడిందట. ఈ బల్లి ఇంకో మెట్టు పైది. తాను పడింది కాక, పక్కవాడే తోశాడని వేలెత్తి చూపించింది.

ఇంకా ఒక చిన్న ఆశ మిగిలింది. లాజరు కూడా ఏదన్నా కలిపి ఉంటే? ఆ ఆశ పుట్టినందుకు తర్వాత ఎంత సిగ్గుపడ్డాడో గానీ, అప్పుడు మాత్రం దాన్ని పట్టుకునే ఆటోనగరు పరిగెత్తాడు. అదే నల్లనూనె సీసాడు తెచ్చి, అదే హెక్సేను, అవే పాళ్ళలో తన చేత్తో కలిపి గదిలో పెట్టి తాళం వేశాడు. మర్నాడు సీసా వంచితే అడుగున మడ్డి కదల్లేదు. జిగురు పదార్థాలను తేలిక నూనె కడిగేసింది, ఆపేవాళ్ళు లేక రేకులన్నీ ముద్దకట్టాయి. అతని సిద్ధాంతం అక్షరాలా నిజం. ఇంత చక్కటి రుజువు ల్యాబులో ఎన్నడూ దొరకలేదు.

మరి ఆ రోజే ఊరెళ్ళి చెప్పాడా? చెప్పలేదు. డాక్టరేటు వైవా దగ్గర పడింది. ఆస్ఫాల్టీన్ల మీద పరిశోధనట, ఆస్ఫాల్టీన్లతోనే ఊరి ఇంజను పూడ్చాడట అని ప్రొఫెసర్లు టీ తాగుతూ నవ్వుకుంటారని భయపడ్డాడు. లాజరు గురించి ఏడవాల్సింది పోయి ఆ నవ్వు గురించి ఏడుస్తున్నానని అతనికి తెలుసు. ఆ తెలియడం ఇంకా అసహ్యంగా ఉంది. తేలు కుట్టిన దొంగలా క్లాసుకు వెళ్ళేవాడు, వచ్చేవాడు.

ఒక ఆదివారం చెప్పేద్దామనే ఊరెళ్ళాడు. తల్లి మణెమ్మ భోజనం పెట్టింది. అబ్రహాము పక్కనే కూర్చుని, లాజరు మొహం చూస్తే జాలేస్తోందిరా, అయినా వాడు ఒప్పుకోడు, ఎంత మొండో చూడు అన్నాడు. కృపానందం నోరు తెరిచాడు. "మజ్జిగ పొయ్యమ్మా," అన్నాడు. పోసింది. తాగేసి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు.

బస్సుకి నడుస్తుంటే దారిలో లాజరు ఇల్లు. మినప చేలు పీకే రోజులవి, ఆడవాళ్ళు ముఠాలు కట్టి పోతున్నారు. లాజరు భార్య దానమ్మను ఏ ముఠాలోనూ పిలవడం లేదు. ఆమె గుమ్మంలో కూర్చుని ఏదో చెరుగుతోంది. కృపానందం గట్టు అవతలి వైపు చూస్తూ ఆ ఇల్లు దాటాడు. ఆ తర్వాత వచ్చినప్పుడూ అలాగే దాటాడు. మనిషి తప్పు చేస్తే దారులు కూడా ఇరుకవుతాయి.

ఇక భరించలేక అతనొక తెలివైన పని చేశాడు. ఆటోనగర్లో తెలిసిన వర్క్‌షాపులో లాజరుకి పని మాట్లాడాడు. తప్పు చెప్పకుండానే తప్పు దిద్దేయాలని. పాపం కడుక్కోవడానికి నీళ్ళు కాకుండా వేరే దారి వెతికేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ. శుభశుక్రవారం ముందు రోజు ఊరికొచ్చి, మురుగుకాలవ గట్టున గడ్డి కోస్తున్న లాజరు దగ్గరికెళ్ళి ఆ సంగతి చెప్పాడు. మంచి పని, ఇంజన్ల పనే, రేపే చేరొచ్చు అన్నాడు.

లాజరు కొడవలి ఆపలేదు. "ఇప్పుడు ఊరొదిల్తే దొంగోడు పారిపోయాడంటారు. పేరు ఇక్కడ పోయింది. ఇక్కడే రావాల." కాసేపటికి తనే మళ్ళీ అన్నాడు. "ఈస్టరు రోజున నిలబడి ఒప్పుకుంటా. పాస్టరు అయ్యగారితో చెప్పా."

"ఏం ఒప్పుకుంటావు?"

"అమ్ముకున్నాననే. కిరసనాయిలు పోశాననే. మీ పిన్ని బల్ల దగ్గరికి పోవడం మానేసింది. నీకు పెట్టని కూడు నాకెందుకంటది. దాన్ని అట్టా చూడలేను."

"నువ్వు చెయ్యలేదుగా బాబాయ్!"

కొడవలి ఆగింది. లాజరు నిటారుగా నిలబడి అతని మొహంలోకి చూశాడు. "చెయ్యలేదని నీకెట్టా తెలుసు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కథల్లోనే కాదు. కృపానందం చెయ్యి నిజంగానే చొక్కా కాలరు సర్దుకుంది. నీ సంగతి నాకు తెలియదా అని ఏదో నసిగాడు.

"తెలిస్తే ఆ రోజే చెప్పేవోడివి," అన్నాడు లాజరు. మళ్ళీ వంగి గడ్డి కోసుకోసాగాడు. కృపానందం అక్కడే నిలబడ్డాడు. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు, మంచి నిమిషం దొరకదు. చుట్టూ ఎవరూ లేరు. అయినా గట్టు దిగి ఇంటికెళ్ళి, రెండు రోజులూ ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా గడిపాడు.

ఈస్టరు తెల్లవారుజామున పాలెమంతా సమాధుల తోటకు వెళ్ళి పాటలు పాడి, ఎండ ఎక్కేసరికి చర్చిలో చేరింది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. కృపానందం ముందు వరసలో కూర్చున్నాడు. సంచిలో రెండు సీసాలున్నాయి, కండువా మడతపెట్టి ఉంది. లాజరు లేవకముందే తాను లేవాలని గట్టిగా అనుకుని వచ్చాడు. పాట అయ్యాక లేద్దామనుకున్నాడు. పాట అయింది. వాక్యం చదివాక లేద్దామనుకున్నాడు. చదవడమూ అయింది. పాస్టరు ఏసుపాదంగారు లాజరు పేరు పిలిచారు. గుమ్మం పక్క చాప మీద నుంచి లాజరు లేచి, ఆడవాళ్ళ వైపు చూడకుండా ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సంఘానికి వందనాలు. నేను తప్పు చేశాను," అన్నాడు.

అప్పుడు లేచాడు కృపానందం. ఒక్క వాక్యం ఆలస్యంగా. ఆ వాక్యాన్ని ఆ మనిషి చేత అనిపించాకగాని అతను లేవలేదు.

"బాబాయ్ ఏ తప్పూ చేయలేదు. ఇంజను పాడుచేసింది నేను. నా పాళ్ళే తప్పు. కొన్ని వారాల కిందటే నాకు తెలిసింది, తెలిసీ చెప్పలేదు," అన్నాడు.

ఎవరో మెల్లగా స్తోత్రం అన్నారు. ఇంకెవరో అన్నారు. రత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, చూశారా పెంపకమంటే, బాబాయి పరువు కోసం నేరం తన మీద వేసుకుంటున్నాడు అన్నాడు. ఏసుపాదంగారు కదిలిపోయి, ఒకరి భారం ఒకరు మోయడమంటే ఇదే, ఈ పండుగ పూట మన బిడ్డ మనకది చూపించాడు అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి మణెమ్మ ఏడుపు వినబడింది. అది గర్వంతో ఏడ్చే ఏడుపు.

కృపానందానికి భూమిలోకి కుంగిపోయినట్టయింది. నిజం చెప్పినా పొగడ్తే వచ్చింది. అంత సిగ్గు అతను అంతకుముందు ఎరగడు. ఆ క్షణంలో కూర్చుంటే చాలు, లాజరుకి క్షమాపణ దొరుకుతుంది, తనకు కీర్తి దొరుకుతుంది, అందరూ ఇంటికెళ్ళి పండుగ భోజనం చేస్తారు. ఆ సుఖం ఎంత దగ్గరలో ఉందో అతను చూశాడు. అందుకే గబగబా సంచిలోంచి కండువా తీశాడు. జరీ అంచు తెల్ల కండువా, తండ్రి వేసిందే. దాన్ని మందిరం మధ్య నేల మీద పరిచాడు.

"భారం కాదు అయ్యగారూ, నేరం. చూడండి." మొదటి సీసాలోంచి నల్లనూనె చుక్క ఒకటి వేశాడు. అది మెల్లగా పాకి, అంచు దాకా ఒకే రంగున గోధుమ మరకైంది. రెండో సీసా పైకెత్తి చూపించాడు. "ఇది బెజవాడలో నా గదిలో, నా చేత్తో కలిపింది. లాజరు బాబాయి చెయ్యి పడలేదు. కిరసనాయిలు పడలేదు. నేను మీకు చెప్పిన పాళ్ళే." సీసా కుదిపి దాన్లోంచి ఒక చుక్క వేశాడు. నూనె చప్పున పాకిపోయింది. మధ్యలో మాత్రం నల్లటి బొట్టు కదలకుండా నిలిచింది, దాని చుట్టూ వెలిసిన వలయం. ముందు వరసలవాళ్ళు లేచి వంగి చూశారు. ఇంజను ఫిల్టరులో చూసిన నలుపు వాళ్ళందరికీ గుర్తుంది.

"నూనెలో కంటికి కనబడని నల్ల రేకులుంటాయి. వాటిని విడివిడిగా ఉంచే జిగురుంటుంది. నేను పోయించిన తేలిక నూనె ఆ జిగురును కడిగేస్తుంది. అందుకే ఒక రోజు ఆడింది, మర్నాడు పూడింది. ఇది నాకు తెలియని సంగతి కాదు. నేను కాలేజీలో చెప్పే పాఠమే. మీ చేల దగ్గర మాత్రం గుర్తు రాలేదు. నాన్న అడిగినప్పుడు నా పాళ్ళు తప్పేమోనని ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. బాబాయే తప్పు చేసుంటాడనుకున్నాను."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. రత్తయ్య కండువా వంక చూస్తూ ఉండిపోయాడు. మణెమ్మ ఏడుపు ఆగింది.

అబ్రహాము చాలాసేపు ఆ నల్లబొట్టునే చూశాడు. తర్వాత మొలలోంచి షెడ్డు తాళంచెవి తీసి, లాజరు దగ్గరికెళ్ళి అతని చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకుని, తప్పయిపోయింది తమ్ముడూ అన్నాడు. లాజరు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అబ్రహాము కొడుకు వైపు తిరిగాడు.

"అబద్ధ సాక్ష్యం చెప్పినోడికి బల్లలో పాలు లేదు."

పండుగ పూట, ఒప్పుకున్నాడు గదా అని ఏసుపాదంగారు మెల్లగా నచ్చజెప్పబోయారు.

"ఇయ్యాలే గదండీ ఒప్పుకుంది. చెయ్యనోడే ఇన్ని వారాలు బయట కూర్చున్నాడు. చేసినోడు ఒక్క పూటన్నా కూర్చోవాల," అన్నాడు అబ్రహాము.

కృపానందం నడిచివెళ్ళి గుమ్మం పక్కన లాజరు ఖాళీ చేసిన చాప మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే సంఘమంతా వీపులే. చెప్పుల వాసన వస్తోంది. లాజరు ఇన్నాళ్ళూ ఈ వీపులే చూశాడని అప్పుడు తెలిసింది. రొట్టె పళ్ళెం వరసల వెంట వచ్చింది. దానమ్మ రెండు చేతులూ చాచి తీసుకుంది. లాజరు తీసుకున్నాడు. పళ్ళెం పట్టుకున్న అబ్రహాము చివరి వరస దాకా వచ్చి, కొడుకు ముందు ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగాడు. పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు, తాను కూడా తీసుకోలేదు.

ఆరాధన అయ్యాక అందరూ చెప్పుల కోసం అక్కడికే రావాలి. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొందరు చూడనట్టు చెప్పులేసుకున్నారు, కొందరు చూస్తూ వేసుకున్నారు. తిడితే బాగుండుననిపించింది అతనికి. దానమ్మ ఆగింది.

"మా ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు పోయావు నాయనా. ఒక్కసారన్నా లోపలికి రావాల్సింది," అంది. జవాబు కోసం చూడకుండా మెట్లు దిగింది.

చివర్లో లాజరు వచ్చాడు. చెప్పులు వెతుక్కుంటూ, అతని వంక చూడకుండానే అన్నాడు.

"ఒరే ఆనందం. రేపు ట్యాంకు విప్పుతున్నా. ఆ మడ్డి దేనికి కరుగుద్దో తెలుసా నీకు?"

తెలుసు. బెంజీనులో కరుగుతుంది. అతని పరిశోధన నిండా ఉన్నది అదే. ఎంత పోయాలో, ఎంతసేపు ఉంచాలో కూడా తెలుసు. తెలుసన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కృపానందం దాన్ని మింగాడు.

"ముందు చిన్న గిన్నెలో వేసి చూద్దాం బాబాయ్. మర్నాడు కూడా చూసి చెబుతా."

లాజరు చెప్పులు వేసుకున్నాడు. తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

"గిన్నె నేను తెస్తాలే," అని మెట్లు దిగాడు.